రోజుకో పిడికెడు

“ఒక్కడినే వస్తే పెడతారా అండీ? లేకపోతే జంటగానే రావాలా?”

కృప చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

వ్యాను కిటికీ ముందు నిలబడ్డ మనిషికి ఇరవయ్యేడు, ఇరవయ్యెనిమిదేళ్ళుంటాయి. నీలం చొక్కా, భుజాన సంచి, చేతిలో ఓ పొడుగాటి కర్ర, కర్ర చివర ఫోను. ముఖంలో వెటకారం ఏమాత్రం లేదు. సీరియస్‌గానే అడుగుతున్నాడు.

“ఆకలేస్తే చాలండీ,” అంది కృప. “ఇద్దరికీ ఒకేసారి ఆకలెయ్యాలన్న రూలు మా దగ్గర లేదు.”

“అయితే ఒక ఫుల్ ప్లేట్. నా పేరు సాయిగణేష్. ‘బండి దగ్గర కలుద్దాం’ ఛానెల్. చూసే ఉంటారు.”

“చూళ్ళేదండీ.”

“ఒక్క వీడియో కూడా?”

“పొద్దస్తమానం ఈ బండి దగ్గరే ఉంటాను. ఇంకో బండి దగ్గర కలవడానికి టైమెక్కడిది?”

అతను నవ్వాడు. ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడింది. దాన్ని తాను గమనించినందుకు కృపకు తన మీదే కోపం వచ్చింది.

నవంబరు మొదటి వారం. పటమటలో మెయిన్ రోడ్డుని ఆనుకున్న ఖాళీ స్థలంలో ఆరు ఫుడ్ ట్రక్కులు వరసగా ఆగి ఉన్నాయి. మోమోలు, షవర్మా, కుండ బిర్యానీ... అన్నిటికంటే చివర కృపది. తెల్ల వ్యాను మీద ఎర్రటి అక్షరాలు: ప్రేమవిందు. కింద చిన్నగా: వేడన్నం, కోడికూర, పప్పుచారు. బండి రోడ్డెక్కి సరిగ్గా పదకొండు రోజులు.

లోపల పొయ్యి దగ్గర ఉన్నాయన జక్కయ్య, కృప తండ్రి. ముప్పై ఏళ్ళుగా పామర్రు చుట్టుపక్కల చర్చిల్లో పండగలకు వండిన మనిషి. వెయ్యిమంది వస్తారన్నా చెమట పట్టేది పొయ్యి వేడికే తప్ప భయానికి కాదు. హైదరాబాదులో ఓ పెద్ద హోటల్ కిచెన్లో మూడేళ్ళు పనిచేసిన కృప ఒక రోజు తెల్లకోటు విప్పేసి ఇంటికొచ్చింది. “నాన్నా, అక్కడ పెద్ద చెఫ్‌కి కూడా నీ పప్పుచారు చెయ్యడం రాదు. నీ వంటకి చక్రాలు తగిలిద్దాం,” అంది. ఆ మాటతో పుట్టింది ఈ బండి.

సాయిగణేష్ విస్తరాకు మీదకి ఫోను వంచాడు.

“ముందు తినండి, తరవాత తీసుకోండి,” అంది కృప. “కూర మీ ఫోను కోసం ఆగదు. చల్లారిపోద్ది.”

అతను మారు మాట్లాడకుండా కర్రని వ్యానుకి ఆనించి ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. ఆ తరవాత ముద్ద మీద ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు జేబుల్లోకి తోసుకుని పరిగెత్తారు. సాయిగణేష్ ఫోను కర్ర చివర నానుతూనే ఉంది. అతను మాత్రం విస్తరాకు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒంగి, పప్పుచారు కాపాడుకుంటున్నాడు.

కృప అడక్కుండానే ఇంకో గరిటెడు వేసింది.

వాన తగ్గాక వీడియో తీసుకుని, వెళ్ళేటప్పుడు అతనన్నాడు. “పేరు అదిరిందండీ. ఇలాంటి కాన్సెప్టు బెజవాడలో ఇదే ఫస్టు.”

తండ్రి వంటని మెచ్చుకుంటున్నాడనుకుంది కృప. ఏం కాన్సెప్టని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. అడగలేదు.

* * *

మర్నాడు సాయంత్రం ఆరయ్యేసరికి బండి ముందు ఇరవై జంటలు నిలబడి ఉన్నాయి.

“మేడమ్, కపుల్ కాంబోలో ఏమేం వస్తాయి?”

“పప్పుచారు.”

“ఐస్‌క్రీం?”

“పప్పుచారు.”

“హార్ట్ షేప్‌లో ఏదైనా...”

“అరిటికాయ బజ్జీ కూడా లేదండీ. అన్నం తింటారా, వెనకాలవాళ్ళకి దారిస్తారా?”

ఒకడు గులాబీ పట్టుకుని కిటికీ ముందే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడి ఎదురుగా ఉన్న అమ్మాయి సిగ్గుపడుతూ కృప వంక చూసి, “అక్కా, కొంచెం పక్కకి జరుగుతారా, ఫోటోలో పడుతున్నారు,” అంది. తన బండిలోంచి తననే జరగమంటున్నారు!

జక్కయ్య మాత్రం గిన్నెలు దించుతూ మురిసిపోతున్నాడు. “ఎంతమంది పిల్లలొచ్చారమ్మా! చల్లగా ఉండాలి.”

మోమోల బండాయన ఫోను తెచ్చి చూపించాడు. సాయిగణేష్ వీడియో. నోరూరేలా తీశాడు, వంటని ఆకాశానికెత్తాడు. కానీ పైన టైటిల్ చదవగానే కృప చెవులు వేడెక్కాయి. ‘బెజవాడలో ప్రేమికుల కోసం తొలి ఫుడ్ ట్రక్! మీ ప్రేమకి ఇక్కడే విందు!’

సరిగ్గా అప్పుడే జక్కయ్య ఫోను మోగింది. ఊళ్ళో వాళ్ళ చర్చి సంఘపెద్ద జయపాల్ గారు.

“జక్కయ్యా! వచ్చే నెల మన చర్చి వందేళ్ళ పండగ. వంట నీదని సంఘమంతా ఒప్పుకున్నాం. ఇప్పుడీ వీడియో సంఘంలో ప్రతి ఫోన్లోనూ తిరుగుతోంది. ప్రేమవిందంటే ప్రభువు పేరు మీద పెట్టే అన్నమయ్యా! దాన్ని ప్రేమికుల పార్కు చేశావేంటి?”

“అయ్యగారూ, నేను...”

“ఆ పేరు చెరిపెయ్. చెరిపితే పండగ వంట నీది. లేదా వేరేవాళ్ళని చూసుకుంటాం.”

ఫోను కట్టయింది. ఆ చర్చి యాభయ్యేళ్ళ పండగకి గుండిగ దగ్గర నిలబడింది జక్కయ్య తండ్రి. వందేళ్ళ పండగకి తాను నిలబడాలని జక్కయ్య బతుకంతా ఎదురుచూశాడు. మెల్లగా లేచి, గిన్నె అడుగు గీకే రేకు చేతిలోకి తీసుకున్నాడు. వ్యాను దిగబోయాడు.

కృప గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఆ అక్షరాల మీద రేకు పెడితే నేనీ బండి ఎక్కను నాన్నా.”

“వందేళ్ళ పండగమ్మా.”

“మనం తప్పు చేశామా?”

“లేదు.”

“మరి చెయ్యని తప్పుకి పేరెందుకు చెరుపుకుంటాం?”

జక్కయ్య రేకు కింద పెట్టాడు.

* * *

మూడో రోజు సాయిగణేష్ బందరు లడ్డూల ప్యాకెట్టుతో దిగాడు. ముఖం వెలిగిపోతోంది.

“రెండు లక్షల నలభై వేల వ్యూస్ కృపగారూ! ఈ సంవత్సరం నేను తిరిగిన నూట పది బండ్లలో మీదే టాప్!”

కృప లడ్డూల వంక చూడలేదు. “మా బండి పేరుకి అర్థం ఏమిటండీ?”

“ప్రేమవిందు... అంటే... ప్రేమలో ఉన్నవాళ్ళకి విందు. డిన్నర్ డేట్ లాగా.”

“మీ ఇంటి దగ్గర చర్చి ఉందా?”

“మా వీధి చివరే ఉంది.”

“ఎప్పుడైనా లోపల భోజనాలు చూశారా?”

“చిన్నప్పుడు గోడ మీంచి చూసేవాళ్ళం. బంతులు బంతులుగా కూర్చుని...”

“అదండీ ప్రేమవిందు. మీరు సంతర్పణ అంటారే, అలాంటిది మాకిది. ఆరాధన అయ్యాక ఉన్నోడూ లేనోడూ పక్కపక్కన కూర్చుని ఒకే గుండిగలో అన్నం తింటారు. ఎవరినీ నువ్వెవరివని అడగరు. మా నాన్న ముప్పై ఏళ్ళు ఆ గుండిగ తిప్పారు. మీరొచ్చి దానికి హార్ట్ సింబల్ పెట్టారు.”

జయపాల్ గారి ఫోను సంగతి కూడా చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఒక్కో మాటా తూకం వేసినట్టు చెప్పింది. సాయిగణేష్ బుగ్గ మీద సొట్ట ఎటుపోయిందో పోయింది.

“ఇప్పుడే డిలీట్ చేస్తాను.”

“అప్పుడు చూసినవాళ్ళందరికీ అదే నిజంగా మిగిలిపోద్ది. రెండు లక్షల మంది ముందు అన్న మాట రెండు లక్షల మంది ముందే దిద్దాలి. అది చేతకాకపోతే లడ్డూలు పట్టుకుని వెళ్ళండి.”

అతను లడ్డూల ప్యాకెట్టు పక్కన పెట్టాడు. “తెలియకుండా చెప్పి ఒకసారి చెడగొట్టాను. ఈసారి తెలుసుకుని చెబుతాను. నేర్పిస్తారా?”

“ఉల్లిపాయలు తరగడం వచ్చా?”

“రాదండీ.”

“రేపు పొద్దున ఆరింటికి ఇంటికి రండి. అక్కణ్ణించి మొదలెడదాం.”

* * *

ఆరింటికి రమ్మంటే అయిదున్నరకే వచ్చాడు. పది కేజీల ఉల్లిపాయలు తరిగి, కళ్ళు ఉబ్బించుకుని, వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు.

“నిన్న నా వల్ల మీరు ఏడుస్తారేమోనని భయపడ్డానండీ,” అన్నాడు. “చివరికి ఏడ్చింది నేను.”

కృపకు నవ్వొచ్చింది. ఆపుకుంది. పూర్తిగా ఆగలేదు.

పొయ్యి పక్కనున్న మూత డబ్బా అతని కంట పడింది. “అందులో ఏముందండీ?”

జక్కయ్య దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. “పిడికెడు బియ్యం బాబూ. ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి ఇందులో వేస్తారు. వేసేటప్పుడు ఒకళ్ళని తలుచుకుంటారు. జబ్బుపడ్డవాళ్ళనో, దూరాన ఉన్నవాళ్ళనో, ఎవరి మనసులో ఉన్నవాళ్ళని వాళ్ళు. పండగ నాటికి ఆ బియ్యమంతా చర్చికి చేరతాయి. ప్రేమవిందుకి అవే వండేది.”

“అన్ని ఇళ్ళవీ కలిపా?”

“ఎనభై ఇళ్ళవి. ఒకరివి పాత బియ్యం, ఒకరివి మొన్న నూర్చినవి. ఒకరిది స్వర్ణ, ఒకరిది సాంబమసూరి.”

“మరి ఒకటి ఉడికేలోపు ఇంకోటి మెత్తబడిపోదూ?”

జక్కయ్య కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఇతనే. “అదే బాబూ నా పని! ఏ ఇంటి సంచి ఆ ఇంటిదే విప్పి, గింజ కొరికి చూస్తాను. బాగా పాతవి ముందు పడాలి, కొత్తవి ఆఖర్న పడాలి. దించేసరికి ఎనభై ఇళ్ళ అన్నం ఒక్క ఇంటి అన్నంలా ఉండాలి. ఏ మెతుకు ఎవరిదో ఎవరికీ తెలియకూడదు.”

సాయిగణేష్ ఫోను బయటికి తీశాడు. కృప కేసి చూశాడు. “ఇప్పుడు తీసుకోవచ్చా అండీ?”

“తీసుకోండి,” అంది కృప. ఈసారి గొంతులో గరుకు లేదు.

కొత్త వీడియోకి ‘తప్పు నాది’ అని పేరు పెట్టాడు. అందులో అతని ముఖం లేదు. జక్కయ్య చేతులున్నాయి, గింజ కొరికే పళ్ళున్నాయి, మూత డబ్బా ఉంది. చివర్లో గొంతు మాత్రం వినిపించింది. “నేను బెజవాడలో పుట్టి పెరిగాను. మా వీధి చివర చర్చి ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గోడ దిగి, అక్కడ ఏం పెడుతున్నారని అడగలేదు. అడక్కుండానే చెప్పేశాను. జక్కయ్యగారూ, క్షమించండి.”

వారం తిరిగాక లెక్క చెప్పాడు. “మొదటిది రెండున్నర లక్షల మంది చూశారు. ఇది తొమ్మిది వేలు.”

“చూడాల్సినవాళ్ళు చూస్తే చాల్లెండి,” అంది కృప.

చూడాల్సిన మనిషి ఆ శనివారమే వచ్చాడు. రోడ్డుకి అవతల కారాపుకుని, దిగకుండా కూర్చున్నాడు. బండి ముందు జంటలున్నాయి, పక్కనే ఆటోడ్రైవర్లున్నారు, పిల్లాపాపలతో వచ్చినవాళ్ళున్నారు. జక్కయ్య అలవాటు ప్రకారం మొదటి గరిటె వెయ్యబోయే ముందు కళ్ళు మూసుకుని అరనిమిషం ప్రార్థన చేసుకున్నాడు. మొన్నటిదాకా అది ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు వీడియో చూసొచ్చిన పిల్లలు మాటలు ఆపేశారు. గులాబీ పట్టుకొచ్చిన కుర్రాడు ఆ గులాబీని వెనక్కి దాచుకుని మరీ నిలబడ్డాడు.

జయపాల్ గారు రోడ్డు దాటి వచ్చారు. కృప ఆయన్ని చూసింది. చేతులు తుడుచుకుని ఎదురెళ్ళింది.

“అయ్యగారూ, పేరు మాత్రం చెరపమండీ. పండగ వంట ఇచ్చినా, ఇవ్వకపోయినా.”

“నోరు బాగానే పెరిగిందే నీకు,” అన్నారాయన. ఖాళీగా ఉన్న స్టూలు లాక్కుని ఓ ఆటోడ్రైవరు పక్కన కూర్చున్నారు. “ముందు ఆకు వెయ్.”

తిన్నారు. రెండోసారి పప్పుచారు అడిగి వేయించుకున్నారు. లేచేటప్పుడు జక్కయ్య భుజం మీద చెయ్యేశారు. “చర్చి గోడ లోపల నువ్వు పెట్టావు. నీ కూతురు గోడ బయట పెడుతోంది. డిసెంబరు మూడో ఆదివారం. గుండిగ నీదే. ఈ బండి కూడా తీసుకురా, గేటు పక్కనే పెట్టు. పేరు అందరికీ కనపడాలి.”

జక్కయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “ఉల్లిపాయల ఘాటమ్మా,” అన్నాడు. ఉల్లిపాయలు పొద్దున ఎప్పుడో తరిగేశారు.

* * *

ఆ తరవాత కూడా సాయిగణేష్ రావడం మానలేదు. పొద్దున ఉల్లిపాయలు తరిగేవాడు. సాయంత్రాలు భవానీపురం, బెంజి సర్కిలు అంటూ కొత్త బండ్ల వెంట తిరిగేవాడు. ఆఖర్న ఇక్కడికే వచ్చి కిటికీకి ఆనుకుని నిలబడేవాడు.

“ఇవాళ ఎక్కడ తిన్నారు?”

“గుణదలలో కొరియన్ బండి.”

“ఎలా ఉంది?”

“బాగుందండీ. పప్పుచారు లేదు.”

అంతవరకే. ఆపైన ఒక్క మాట కూడా అనేవాడు కాదు. ఏదో ఒక రోజు అంటాడని కృప చూసింది. పదిరోజులు చూసింది, ఇరవై రోజులు చూసింది. తొందరపడి ఒకసారి నోరు జారిన మనిషి ఈసారి మరీ జాగ్రత్తపడుతున్నాడు. ఆ జాగ్రత్త మీద ఆమెకు గౌరవమూ ఉంది, ఒళ్ళుమంటా ఉంది.

* * *

డిసెంబరు మూడో ఆదివారం. పామర్రు దాటాక రోడ్డుకి రెండు పక్కలా కోతలైన వరిచేలు. చర్చి గేటు పక్కన తెల్ల వ్యాను, దాని మీద ఎర్రటి అక్షరాలు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ ఆ పేరు చదివే వెళ్తున్నాడు.

వెనకాల పందిట్లో మూడు గుండిగల్లో ఎసరు మరుగుతోంది. ఆడవాళ్ళు తెచ్చిన సంచుల్ని జక్కయ్య ఒక్కొక్కటే విప్పి, గింజ కొరికి, పాతవి కుడిపక్క, కొత్తవి ఎడమపక్క పెట్టిస్తున్నాడు. కృప తండ్రి పక్కనే నిలబడి ఉంది.

ఎవరో ఒక గుడ్డ సంచి ముందుకు పెట్టారు. జక్కయ్య తలెత్తాడు. ఎదురుగా తెల్లచొక్కాలో సాయిగణేష్. అతనికి రెండడుగుల వెనక, జరీ అంచు చీరలో ఓ పెద్దావిడ.

“ఇదెవరిది బాబూ?”

“మా ఇంటిదండీ. పిడికెడు బియ్యం. మీరు చెప్పిన రోజు నుంచీ తీశాను. ముప్పై ఎనిమిది రోజులు.”

“నువ్వా! మగాడు పిడికెడు తీయడం నేనెక్కడా చూళ్ళేదు.” జక్కయ్య సంచిలో చెయ్యి పెట్టి గింజ కొరికాడు. తరవాత సంచి ఎత్తి బరువు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. “రోజుకి ఒకటేనా?”

“ఒకటే అండీ.”

“అబద్ధం.”

సాయిగణేష్ ముఖం తెల్లబోయింది. “నిజమండీ! ఒక్కటే వేశాను.”

“ముప్పై ఏళ్ళుగా పిడికెళ్ళ బియ్యం వండుతున్నాను బాబూ. ముప్పై ఎనిమిది రోజులకి రెండు కేజీల పైన వస్తాయి. ఇందులో నాలుగు కేజీలున్నాయి. రెండో చెయ్యి ఎవరిది?”

“నాదండీ,” అంది వెనకనున్న పెద్దావిడ.

సాయిగణేష్ గిరుక్కున తిరిగాడు. “అమ్మా! నువ్వా?”

“మరి? రోజూ పొద్దున్నే దొంగలా వంటింట్లో దూరి బియ్యం తీసి డబ్బాలో దాస్తుంటే తల్లికి తెలియదంట్రా? మా కూచిపూడి పొలంలో పండిన బియ్యం, ఎక్కడికెళ్తున్నాయో కనుక్కోనా? నీ వీడియో చూశాను. అర్థమైంది.” సాయిగణేష్ తల్లి పద్మావతమ్మ జక్కయ్య వైపు తిరిగి చేతులు జోడించింది. “మావాడు మీ పేరు పాడుచేశాడు అన్నయ్యగారూ. ఆ తప్పులో నాకూ వాటా ఉంది, పెంచింది నేనేగా. అందుకే రోజూ నా పిడికెడు కూడా కలిపాను.”

కృప ఒక అడుగు ముందుకేసింది. ఇన్నాళ్ళూ అతను అంటాడని చూసిన మాట. ఇక చూడ్డం ఆమెవల్ల కాలేదు.

“పిడికెడు తీసేటప్పుడు ఒకళ్ళని తలుచుకోవాలని నాన్న చెప్పారు. మీరు ఎవరిని తలుచుకున్నారు?”

సాయిగణేష్ గొంతు సవరించుకున్నాడు. రెండు లక్షల మందితో గడగడా మాట్లాడేవాడికి ఒక్క మనిషి ముందు మాట రావడంలేదు.

“మొదటి రోజు మీ నాన్నగారిని. క్షమించమని.”

“రెండో రోజు?”

“రెండో రోజు నుంచీ...” ఆగాడు. ఆమె కళ్ళలోకి చూశాడు. “మిగతా ముప్పై ఏడు రోజులూ మిమ్మల్నే కృపగారూ.”

ఎసరు కుతకుతమంటోంది.

“మరి నేనెవర్ని తలుచుకున్నానో అడగరే?” అంది పద్మావతమ్మ. “వీడు ఎవరిని తలుచుకుంటున్నాడో, ఆ పిల్లని. మొహం చూడకుండానే. ఇవాళ చూశాను.” కృపని పైనించి కిందిదాకా చూసి, తలాడించింది. “నా పిడికెళ్ళు వృథా పోలేదు.”

జయపాల్ గారు జక్కయ్య వంక చూశారు. పందిరంతా జక్కయ్య వంకే చూస్తోంది. ఆయన నోట్లో ఇంకా ఆ గింజ ఉంది. దాన్ని మెల్లగా నమిలాడు. ఎంత పెద్ద పండగైనా, బియ్యం గురించి జక్కయ్య తొందరపడి మాట్లాడింది లేదు.

“గింజ మంచిదండీ,” అన్నాడు చివరికి. “కొత్తది. ఆఖర్న పడాలి. కృపా, నువ్వే వెయ్యమ్మా.”

పాతవన్నీ పడ్డాక, ఆఖర్న కృప ఆ సంచి ఎత్తి గుండిగలోకి ఒంపింది. పద్మావతమ్మ పిడికెళ్ళు, సాయిగణేష్ పిడికెళ్ళు, ఎనభై ఇళ్ళ బియ్యంలో కలిసిపోయాయి.

మధ్యాహ్నం బంతులు వేశారు. జక్కయ్య గుండిగ పక్కన, తన తండ్రి నిలబడ్డ చోటే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అన్నం పొడిపొడిగా, మల్లెల్లా ఉంది. ఏ మెతుకు ఏ ఇంటిదో చెప్పగల మనిషి ఆ పందిట్లో లేడు.

సాయిగణేష్ రెండో వరస చివర కూర్చున్నాడు. ఫోను జేబులోనే ఉంది. కృప అన్నం గిన్నెతో వరస పొడవునా వడ్డిస్తూ వచ్చి, అతని ముందు ఆగింది. గరిటె గాల్లో ఆపింది.

“మొదటి రోజు ఒక ప్రశ్న అడిగారు. గుర్తుందా?”

“ఒక్కడినే వస్తే పెడతారా, జంటగానే రావాలా అని. ఇంకా ఎన్నాళ్ళు దెప్పుతారండీ?”

“దెప్పడం కాదు. ఆ రోజు నేను చెప్పిన జవాబు తప్పు.” కృప గిన్నె పక్కమ్మాయికి అందించింది. ఇంకో విస్తరాకు తీసుకుని అతని ఆకు పక్కనే పరిచింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, వెయ్యిమంది చూస్తుండగా, తలెత్తుకుని అతని పక్కన కూర్చుంది.

“ఊరందరికీ అక్కర్లేదు. మీకు మాత్రం జంటగా వస్తేనే పెడతాం.”